వాంతికి ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు, నడకకు ఇంకొకరు: పసిపిల్లల్లో మెదడు కణితి ఎందుకు ఆలస్యంగా దొరుకుతుంది

చిన్న పిల్లల మెదడులో కణితి రావడం అరుదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే కింద వచ్చే లక్షణాల్లో ఏదో ఒకటి ఈ వారంలోనే మన ఇంట్లో పిల్లలకు కనిపించి ఉండొచ్చు, దానికి కారణం దాదాపు ఎప్పుడూ మామూలు జబ్బే అయి ఉంటుంది. అయితే అరుదు అంటే అసలు రాదని కాదు. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో రక్త క్యాన్సర్ మొదటిది, దాని తర్వాతి స్థానం మెదడు, వెన్నుపాము కణితులదే. గడ్డ రూపంలో వచ్చేవాటి వరకే చూస్తే ఇవే అన్నిటికన్నా ఎక్కువ.

వీటి లక్షణాల్లో వింతగా కనిపించేది ఏదీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. వాంతి, తలనొప్పి, నీరసం, తూలి పడడం, మెల్లకన్ను. ఏ పీహెచ్‌సీ ముందు వరుస చూసినా ఇవే. ఒక్కోదానికి ఒక్కో సులువైన కారణం సిద్ధంగా ఉంటుంది, ఒక్కోటి ఒక్కో డాక్టరు దగ్గరికి దారి తీస్తుంది.

ఆదోని పక్కన ఒక పల్లె అనుకుందాం. అమ్మానాన్న మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయారు. మూడున్నరేళ్ల పాప అవ్వ దగ్గర ఉంది. పొద్దున లేవగానే వాంతి చేసుకుంటోంది, కాసేపటికి మళ్లీ ఆడుకుంటోంది. పైత్యం అనుకుని అవ్వ జీలకర్ర నీళ్లు తాపింది. ఆర్ఎంపీ వాంతుల సిరప్ ఇచ్చాడు, రెండు రోజులు తగ్గింది, మళ్లీ మొదలైంది. ఆదోనిలో పిల్లల డాక్టరు కడుపు నొక్కి చూసి నట్టల మందు రాశాడు. ఇంకో పది రోజులకు ఒక కన్ను ముక్కు వైపు తిరిగినట్టు కనిపిస్తే కంటి ఆసుపత్రికి పోయారు. ఆ తర్వాత పాప మాటిమాటికీ పడిపోతుంటే ఎముకల డాక్టరు కాల్షియం రాశాడు. ఈ కథలో ఎవరూ మరీ తప్పు చేయలేదు, తన ముందు కూర్చున్న లక్షణానికి ఎవరి మందు వాళ్లు రాశారు. మూడూ ఒకే పాపకు, నెలన్నర లోపల, ఒకదాని మీద ఒకటి వచ్చాయన్న సంగతి మాత్రం ఏ చీటీ మీదా లేదు. అది అవ్వ ఒక్కదానికే తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు.

ఇది మన సీమకే ఉన్న తంటా కాదు. బ్రిటన్‌లో కూడా మొదటి లక్షణం కనిపించిన నాటి నుంచి జబ్బు తేలేదాకా సగటున 14 వారాలు పట్టేది. 2011లో అక్కడ హెడ్‌స్మార్ట్ పేరుతో ప్రచారం మొదలుపెట్టారు. వయసు వారీగా లక్షణాలు రాసిన చిన్న కార్డును ఇళ్లకు, డాక్టర్లకు పంచారు. కొన్నేళ్లలోనే ఆ సమయం 7 వారాల లోపుకు దిగింది. కొత్త మెషీన్ ఏదీ దీనికి అక్కర్లేకపోయింది. ఆ కార్డులో ఉన్న అసలు కిటుకు ఒకటే. ఒక లక్షణం ఉంటే డాక్టరుకు చూపించాలి, రెండు మూడు కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరు దగ్గరికి పంపమని అడగాలి.

పొద్దున వాంతి ఎందుకు

ఏడాది దాటిన చిన్న పిల్లల్లో సుమారు సగం కణితులు తల వెనక భాగంలో, మెడకు కాస్త పైన ఉండే చిన్న మెదడు చుట్టుపక్కల పుడతాయి. మెదడు లోపలి గదుల్లో ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతుంటుంది. పెద్దవాళ్లలో అది రోజుకు సుమారు అర లీటరు. అది ఆ గదుల నుంచి సన్నటి దారుల గుండా కిందికి దిగి, మెదడు చుట్టూ తిరిగి, రక్తంలో కలిసిపోతుంది. ఆ దారుల్లో చివరిది చిన్న మెదడుకు ఆనుకునే ఉంటుంది. పంట కాలువకు అడ్డంగా బండ పడ్డట్టు అక్కడ కణితి అడ్డు తగిలితే పైన ఊరిన నీరు పైనే నిలిచిపోతుంది. తలలో నీరు చేరింది అని డాక్టర్లు చెప్పేది దీన్నే. కణితి నిమ్మకాయంత కూడా లేకపోయినా పిల్ల అల్లాడిపోయేది ఈ నీటి ఒత్తిడి వల్లే.

రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు తలలోని రక్తం గుండె వైపు అంత తేలిగ్గా దిగదు. నిద్రలో ఊపిరి నెమ్మదించి, మెదడులోని రక్తనాళాలు కాస్త వెడల్పవుతాయి. అసలే నిండుగా ఉన్న తలలో ఒత్తిడి తెల్లవారుజాముకు ఇంకా పెరుగుతుంది. అందుకే లేస్తూనే తలనొప్పి, వాంతి. లేచి తిరిగేసరికి కాస్త తేలికవుతుంది. మధ్యాహ్నానికి పిల్ల బాగానే ఉంటుంది కాబట్టి స్కూలుకు పోవాల్సి వస్తుందని నాటకాలాడుతోంది అన్న నింద వచ్చి పడుతుంది. ఆదివారం కూడా అదే వేళకు వాంతి అవుతోందా అన్నది గమనిస్తే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది.

కడుపులో తేడా వల్ల వచ్చే వాంతికి వేరే గుర్తులు ఉంటాయి. వెంట విరేచనాలో జ్వరమో ఉంటాయి, ఇంట్లో ఇంకో పిల్లకు కూడా వచ్చి ఉంటుంది, మామూలుగా వారం లోపు సర్దుకుంటుంది. విరేచనాలు లేవు, జ్వరం లేదు, వాంతి మాత్రం రెండు వారాలు దాటినా పోలేదు అంటే కడుపు మీద నుంచి దృష్టి తల వైపు మళ్లాలి. తలనొప్పికి నాలుగు వారాలు హద్దు. నిద్రలో లేపేసే తలనొప్పి, దగ్గితే ముక్కితే ఎక్కువయ్యే తలనొప్పి అయితే అన్నాళ్లు కూడా ఆగకూడదు. మైగ్రేన్ పిల్లలకూ వస్తుంది, అందులోనూ వాంతులు ఉంటాయి. అయితే అది వచ్చిపోయే జబ్బు, మధ్య రోజుల్లో పిల్ల పూర్తిగా బాగుంటుంది, చాలాసార్లు తల్లికో మేనమామకో అదే తలనొప్పి ఉంటుంది.

నాలుగేళ్ల లోపు పిల్లలు తల నొస్తోంది అని చెప్పలేరు. నెత్తి పట్టుకుంటారు, తల గోడకు కొట్టుకుంటారు, ఊరికే ఏడుస్తారు, ఎవరు ఎత్తుకున్నా ఊరుకోరు. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పేసేది ఇలాంటప్పుడే. దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు. తాయత్తు కట్టించినా, దర్గాకు తీసుకుపోయి మంత్రించినా నష్టం లేదు. మూడో శుక్రవారం దాకా ఆగమంటేనే నష్టం.

మాడు చెప్పే సంగతి

ఏడాదిన్నర లోపు పిల్లల లెక్క వేరు. వాళ్ల పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు, నడినెత్తిన మాడు పూడలేదు. లోపల ఒత్తిడి పెరిగితే తలే పెరిగి దానికి చోటిస్తుంది. అందువల్ల తలనొప్పీ వాంతీ ఆలస్యంగా వస్తాయి, జబ్బు చాటుగా ఎదుగుతుంది. ఇక్కడ పనికొచ్చే పరికరం దర్జీ టేపు.

పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు 2 సెంటీమీటర్ల చొప్పున, తర్వాతి మూడు నెలలు నెలకు ఒకటి, ఆ పైన అర చొప్పున పెరిగి ఏడాదికి 46 దగ్గర నిలుస్తుంది. రెండో ఏడు మొత్తం మీద పెరిగేది 2 సెంటీమీటర్లే. ఒక్కసారి కొలిచిన అంకె పెద్దగా ఏమీ చెప్పదు. నాన్న తల పెద్దదైతే బిడ్డ తలా పెద్దదే కావచ్చు. చూడాల్సింది వేగం. రెండు నెలల్లో పెరగాల్సింది ఒకటైతే మూడు పెరిగిందంటే అది వంశం పోలిక అనుకుని వదిలేయకూడదు. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు నెలనెలా చూస్తారు. అదే పూట కనుబొమ్మల పైనుంచి తల వెనక ఎత్తైన చోటు మీదుగా టేపు చుట్టి, ఆ అంకెను తల్లీబిడ్డ కార్డులో ఒక మూల తేదీతో రాసుకుంటే చాలు. పని అర నిమిషం కూడా పట్టదు.

మాడు విషయంలో ఒక చిన్న తేడా పెద్ద పని చేస్తుంది. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు మాడు లోపలికి గుంట పడుతుంది. తలలో ఒత్తిడి పెరిగిన బిడ్డకు అది ఉబ్బుతుంది. ఏడ్చేటప్పుడు ఏ బిడ్డకైనా ఉబ్బుతుంది కాబట్టి, బిడ్డ శాంతంగా ఒళ్లో కూర్చున్నప్పుడే వేళ్ల కొనలతో తాకి చూడాలి. వాంతులు అవుతున్నాయి, మాడు మాత్రం నిండుగా బిగుసుకుని ఉంది అంటే ఓఆర్ఎస్ తాపుతూ ఇంట్లో కూర్చునే కేసు కాదు. కనుగుడ్లు ఎప్పుడూ కిందికే దిగి, నల్లగుడ్డు పైన తెల్లగా కనబడడం కూడా ఇదే కోవలోది, ఆ రోజే ఆసుపత్రికి పోవాల్సింది.

కన్ను, నడక, మెడ

మెల్లకన్ను అదృష్టం అన్న నమ్మకం మన దగ్గర ఇంకా బతికే ఉంది. మూడు నాలుగు నెలల లోపు పసిబిడ్డలో అప్పుడప్పుడు కన్ను తప్పడం మామూలే. పుట్టుక నుంచి ఉన్న మెల్ల కూడా ఎక్కువగా కంటికి సంబంధించిందే. కానీ నిన్నటి దాకా తిన్నగా ఉన్న కన్ను మూడేళ్లకో ఐదేళ్లకో లోపలికి తిరిగితే దానికి కారణం వెతకాలి. కంటిని బయటి వైపుకు లాగే నరం పుర్రె అడుగున చాలా దూరం ప్రయాణం చేస్తుంది, లోపల ఒత్తిడి పెరిగితే ముందుగా నలిగేవాటిలో అదొకటి. కంటి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ‘అద్దాలు కావాలా’ అని మాత్రమే అడిగి రాకూడదు. మందు చుక్కలు వేసి కంటి వెనక నరం వాచిందేమో చూడమని అడగాలి. ఆ వాపు కనిపిస్తే స్కానింగ్‌కు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. కనుగుడ్లు నిలవకుండా ఊగడం, టీవీకి మరీ దగ్గరగా పోవడం, ఒక కన్ను మూసుకుని చూడడం కూడా పట్టించుకోవాల్సినవే. రెండుగా కనిపిస్తోందని చెప్పడం చిన్న పిల్లలకు చేతకాదు, వాళ్లు ఊరికే ఒక కన్ను మూసేస్తారు. లేదా తల ఒక పక్కకు వాల్చి సర్దుకుంటారు. నిద్రలో మెడ పట్టేసిందని నూనె రాస్తూ పోయే ఆ మెడ వాలు వారాలు గడిచినా తగ్గకపోతే కారణం కండలో లేకపోవచ్చు.

నడక విషయానికి వస్తే, అనంతపురం జిల్లాలో పిల్లల కాళ్లలో తేడా కనిపిస్తే ముందు నోటికొచ్చే మాట ఫ్లోరైడ్ నీళ్లు. నిజమే, ఆ నీళ్లు కాళ్లను వంకర చేస్తాయి. కానీ దానికి ఏళ్లు పడుతుంది. మూడు వారాల్లో నడక మారదు. ఫ్లోరైడ్ వల్ల కాళ్ల ఆకారం మారుతుంది, చిన్న మెదడు దెబ్బతింటే కాళ్లు తిన్నగానే ఉండి అడుగు తప్పుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తారు, మలుపు తిరగబోయి పడతారు, గోడ పట్టుకోకుండా మెట్లు దిగలేరు. పరిగెత్తే పిల్ల మళ్లీ ఎత్తుకో అంటూ చంక దిగకపోతే గారాబం అనుకుంటాం.

ఇంట్లోనే చూడదగ్గ పరీక్షలు రెండున్నాయి. ఐదారేళ్లు దాటిన పిల్లయితే ఇంట్లో పరిచిన కడప బండల మధ్య గీత మీద, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేలు ఆనించి పది అడుగులు నడవమనాలి. అంతకంటే చిన్నదైతే పళ్లెంలో బొరుగులు పోసి ఒక్కొక్కటీ తీసుకోమనాలి. చేయి బొరుగును దాటి అవతలికి పోవడం, దగ్గరికి చేరే కొద్దీ వణుకు ఎక్కువవడం, పోయిన నెల చక్కగా తిన్న పిల్ల ఇప్పుడు అన్నం ముద్దను బుగ్గకు పెట్టుకోవడం గమనించాల్సిన సంగతులు. స్కూలుకు పోయే పిల్లలకు నోట్‌బుక్కే సాక్షి. జూన్‌లో రాత, సెప్టెంబర్‌లో రాత పక్కపక్కన పెట్టి చూస్తే టీచరుకే ముందు తెలుస్తుంది.

స్వభావం మారడం కొన్నిసార్లు ముందుగానే కనిపించినా తక్కువగా లెక్కలోకి వచ్చే లక్షణం. వాగుడుకాయ మూగబోతుంది, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటుంది. ఇంకా అరుదుగా, బాగా తింటూ నవ్వుతూ ఉండే పసిబిడ్డ విచిత్రంగా చిక్కి శల్యమైపోతుంది. మెదడు అడుగున ఆకలిని, ఎదుగుదలను చూసుకునే చోట కణితి ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. విపరీతమైన దాహం, లెక్కలేనన్ని సార్లు మూత్రం, ఎత్తు పెరగడం ఆగిపోవడం కూడా ఆ చుట్టుపక్కల నుంచే వస్తాయి. అయితే దాహం, మూత్రం అనగానే ముందు షుగర్ పరీక్ష చేయించాలి.

ఫిట్స్ వస్తే

జ్వరంతో పాటు ఫిట్స్ రావడం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో తరచుగా చూసేదే, అందులో చాలావరకు ప్రమాదం లేదు. జ్వరం లేకుండా వచ్చిన ఫిట్స్‌కు మాత్రం స్కానింగ్ అవసరమవుతుంది. ఆ స్కాన్‌లో మచ్చ ఒకటి కనిపించగానే ట్యూమర్ అని ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. ఇక్కడ ఒక మాట ఊరటనిస్తుంది. మన దేశంలో ఫిట్స్ వచ్చిన పిల్లల మెదడులో కనిపించే చిన్న మచ్చల్లో చాలా భాగం బద్దెపురుగు గుడ్ల వల్ల ఏర్పడిన తిత్తులు, లేదా టీబీ గడ్డలు. రెండింటికీ మందులున్నాయి. కాబట్టి సీటీ స్కాన్ ఫిల్మ్ చేతికొచ్చిన సాయంత్రమే ఏదీ నిర్ణయించుకోవాల్సిన పని లేదు, ఎమ్మారై తీయించి న్యూరో డాక్టరుకు చూపించేదాకా ఆ మచ్చకు పేరు పెట్టకూడదు.

తగ్గినట్టు కనిపించే తగ్గుదల

పల్లెల్లో ఇంజెక్షన్ అంటే చాలాచోట్ల డెక్సా. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. దేనికి వేసినా ఒంట్లో చురుకు కనిపిస్తుంది కాబట్టి ఆర్ఎంపీల సంచిలో అది లేకుండా ఉండదు. మెదడు కణితి చుట్టూ చేరే వాపును తగ్గించడానికి న్యూరో సర్జన్లు వాడేదీ ఇదే మందు. అంటే కణితి ఉన్న పిల్లకు తెలియక ఆ ఇంజెక్షన్ వేస్తే వాంతి ఆగుతుంది, తలనొప్పి తగ్గుతుంది, పిల్ల లేచి ఆడుకుంటుంది. మందు పనిచేసింది అన్న ధైర్యంతో ఇంకో రెండు వారాలు పోతాయి, లోపల కణితి మాత్రం తన పని తాను చేసుకుపోతుంటుంది. ఇంజెక్షన్ వేస్తే తగ్గి, మానేస్తే తిరగబెట్టే వాంతిని అసలు తగ్గని వాంతికన్నా ఎక్కువగా అనుమానించాలి. ఏ ఇంజెక్షన్ వేశారో పేరు రాయించుకుని డాక్టరుకు చూపించడం అందుకే అవసరం.

డాక్టరు ముందు ఏం చెప్పాలి

ఓపీలో ఒక్కో పిల్లకు దక్కేది రెండు మూడు నిమిషాలు. ‘వాంతులు సార్’ అంటే వాంతుల మందే వస్తుంది. ‘ఇరవై రోజులుగా పొద్దున్నే వాంతి, విరేచనాలు లేవు, పది రోజులుగా కన్ను తిరిగింది, నాలుగు రోజులుగా పడిపోతోంది’ అని ఒక్క ఊపున చెబితే ఏ పిల్లల డాక్టరైనా పెన్ను కింద పెట్టి తల ఎత్తి చూస్తాడు. చీటీ మీద తేదీలతో రాసుకుపోతే ఇంకా మంచిది. పాత మందు చీటీలన్నీ ఒకే కవర్‌లో పెట్టుకోవాలి. ఫోన్‌లో నడక వీడియో తీసుకుపోతే, ఆసుపత్రిలో ఏడుస్తూ కదలని పిల్ల ఇంట్లో ఎలా నడుస్తోందో డాక్టరు కళ్లారా చూస్తాడు. వలస పోయిన తల్లిదండ్రులు తిరిగొచ్చి ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టయితే అవ్వను కూడా వెంటబెట్టుకుపోవాలి, రోజూ చూసింది ఆమే కదా.

అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, స్కూళ్లకు ఒకసారి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు వస్తాయి. ఇది 2013లో మొదలైన కేంద్ర పథకం. ఎదుగుదల లోపాలను ముందే పట్టుకోవడం దాని పనుల్లో ఒకటి. నడక మారిందనో చూపు మారిందనో వాళ్లకు చెబితే జిల్లా ఆసుపత్రికి రాసి పంపిస్తారు.

స్కానింగ్ విషయంలో సీటీ త్వరగా అయిపోతుంది, తలలో నీరు చేరిందా లేదా అన్నది వెంటనే చెబుతుంది. కానీ మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం దగ్గరి కణితులు దానికి చిక్కకుండా పోవచ్చు. లక్షణాలు ఆగకపోతే సీటీ నార్మల్ వచ్చినా ఎమ్మారై అడగాలి. కదలకుండా పడుకోలేరు కాబట్టి చిన్న పిల్లలకు ఎమ్మారైలో మత్తు ఇస్తారు, దానికి భయపడి వాయిదా వేసుకోవడం మంచిది కాదు.

కర్నూలు వాళ్లు హైదరాబాద్ నిమ్స్‌కు, అనంతపురం వాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కు, కడప వాళ్లు తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సీఎంసీకో పోవడం రివాజు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రి 2001 నుంచి నడుస్తోంది, అక్కడ న్యూరో సర్జరీకి డబ్బు తీసుకోరు. ఎన్టీఆర్ వైద్యసేవ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బస్సెక్కక ముందే 104కు ఫోన్ చేసి కనుక్కోవాలి. అయితే పిల్ల మత్తుగా ఉండి లేపినా లేవకపోయినా, ఫిట్స్ ఆగకపోయినా, వాంతుల మధ్య స్పృహ తప్పుతున్నా రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం ఆలోచన పక్కన పెట్టి 108లో దగ్గరి పెద్దాసుపత్రికి పోవాలి. ముందు ఒత్తిడి తగ్గించి ప్రాణం నిలబెడితే కణితి ఆపరేషన్ ఎక్కడన్నది తర్వాత చూసుకోవచ్చు.

త్వరగా కనుక్కుంటే అన్నీ నయమవుతాయని చెప్పడం నిజాయితీ కాదు. చిన్న మెదడులో వచ్చే, నెమ్మదిగా పెరిగే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే కణితిని పూర్తిగా తీసేయగలిగితే నూటికి తొంభై మందికి పైగా పిల్లలు పదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటున్నారు. అక్కడే వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే ఇంకో కణితి క్యాన్సరే అయినా మంచి వైద్యం అందితే ఎక్కువ మంది గట్టెక్కుతున్నారు. మెదడు కాండంలో పాకే ఒక రకానికి మాత్రం ఇప్పటికీ సరైన మందు లేదు. వేగంగా పెరిగే కణితి వేగంగానే బయటపడుతుంది కాబట్టి, ప్రాణం విషయంలో ఆలస్యం ప్రభావం అనుకున్నంత సూటిగా ఉండదని కూడా పరిశోధనల్లో తేలింది. కానీ చూపు విషయంలో సందేహం లేదు. కంటి నరం వాచి వాచి ఒకసారి ఎండిపోయాక, కణితి మొత్తం తీసేసినా చూపు తిరిగి రాదు. వారాల లెక్క ముఖ్యంగా ఇందుకోసమే.

ఇక కారణం సంగతి. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని, బిడ్డను ఎత్తుకుని జారవిడిచిందని తల్లిని అనడం మానుకోవాలి. చాలా కణితులకు ఫలానాది కారణమని చెప్పగలిగేది ఏదీ లేదు, తల్లి చేసిన పనికీ దానికీ సంబంధం లేదు. కొద్దిమంది పిల్లల్లోనే ఇది వంశపారంపర్య జబ్బుతో ముడిపడి ఉంటుంది. వాటిలో ఒకదాన్ని ఇంట్లో స్నానం పోసేటప్పుడే గుర్తించవచ్చు. ఒంటి మీద పాల కాఫీ రంగు మచ్చలు, ఒక్కోటి అర సెంటీమీటరుకు మించినవి, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జబ్బు ఉందేమో చూపించుకోవాలి. ఆ పిల్లల్లో కంటి నరం మీద కణితి వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ, అదీ ఎక్కువగా ఆరేడేళ్ల లోపే. అందుకే ఏ ఇబ్బందీ కనిపించకపోయినా ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏటా ఒకసారి కంటి డాక్టరుతో చూపు పరీక్ష చేయించాలి.